ఆవకాయ పుణె చేరాలంటే

ప్రశ్న: పోస్టుమాస్టరు గారూ, మా అబ్బాయి పుణెలో హింజవడి దగ్గర ఉంటాడు. ఏటా వేసవిలో ఐదు కిలోల ఆవకాయ, కాసిని వడియాలు పంపుతాను. పోయినేడాది మా వీధి చివర కొరియర్ అతను ఏడు కిలోల పెట్టెకు పన్నెండు కిలోల డబ్బు తీసుకున్నాడు. చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. నూనె కారి అట్టపెట్టె అడుగు ఊడిపోయిందట. పచ్చడి ఖరీదు కంటే పంపిన ఖర్చే ఎక్కువైంది. చవగ్గా, నమ్మకంగా చేర్చేవాళ్లెవరో ఒక్క పేరు చెప్పండి, చాలు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ ఒక్క పేరే చెప్పలేను. ముప్పై నాలుగేళ్లు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ని. పోస్టాఫీసని చెప్పేస్తే నాకు హాయి. కానీ మా చెల్లెలు గుంటూరు నుంచి హైదరాబాద్‌కు ఏదైనా పంపాలంటే నేనే ఆర్టీసీ బస్టాండుకు వెళ్లమంటాను. ఏ ఊరికి, ఏ సరుకు అన్నదాన్ని బట్టి మనిషి మారతాడు.

కొరియర్ల సంగతి ఒకటి గమనించండి. బోర్డు మీద పేరు దేశమంతా ఒకటే ఉంటుంది. దాని కింద కూర్చున్నవాడు చాలాచోట్ల ఫ్రాంచైజీ తీసుకున్న స్థానికుడు. మీ వీధిలో అతను ఎంత మంచివాడైనా, పుణెలో పెట్టె మోసుకొచ్చేది వేరే కుర్రాడు. అందుకే మీరు తెనాలిలో వాకబు చేయడం కంటే, మీ అబ్బాయిని వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడగమనండి. ఏ కొరియర్ కుర్రాడు రోజూ వస్తాడో, ఎవరు గేటు దగ్గర ఫోన్ చేసి ఎత్తకపోతే వెళ్లిపోతారో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇది అనుభవంతో చెబుతున్నాను. రిటైరైన ఏడాది మా అమ్మాయికి బొమ్మల కొలువు బొమ్మలు కొరియర్‌లో పంపాను (పోస్టాఫీసులో పనిచేసి కొరియరేమిటని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది). మూడు రోజులు వరసగా ‘డోర్ లాక్డ్’ అని మెసేజ్. అల్లుడు ఆ మూడు రోజులూ ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. చివరికి తనే వాళ్ల బ్రాంచికి వెళ్తే, పెట్టె కదలకుండా అక్కడే ఉంది. సంక్రాంతి వెళ్లిపోయింది.

ఇక మీ పన్నెండు కిలోల లెక్క. అతను మోసం చేసి ఉండకపోవచ్చు. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చినదీ అసలు తూకమూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టించుకుంటాయి. 50 × 40 × 30 పెట్టె అయితే 60,000. భాగిస్తే సరిగ్గా పన్నెండు. అంటే మీరు గాలికి కూడా డబ్బు కట్టారు. అవే సరుకులు 40 × 30 × 25 పెట్టెలో సర్దితే లెక్క ఆరుకు దిగుతుంది, అప్పుడు అసలు తూకం ఏడు కిలోలకే కడతారు. వడియాలను చిన్న చిన్న కవర్లలో కట్టి పచ్చడి డబ్బాల సందుల్లో కూరండి. చోటు నిండుతుంది, డబ్బాలూ కదలవు. ఇంటి దగ్గర టేపుతో కొలుచుకునే వెళ్లండి. చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందా లేదా అని కూడా అడగండి. చీటీ మీద కొలతలు రాయించుకోండి.

నూనె కారడానికి మాత్రం కొరియర్ అతన్ని తిట్టి లాభం లేదు. ద్రవాలకు పోస్టాఫీసులో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది: లోపల ఒక డబ్బా, బయట ఇంకో డబ్బా, మధ్యలో రంపపు పొట్టు. లోపలిది కారినా పొట్టు పీల్చేస్తుంది. ఇప్పుడు పొట్టు కోసం సామిల్లుకు ఎవరు వెళ్తారు, పాత పేపర్లు నలిపి పెట్టండి. ఆవకాయ కలిపిన వారానికే పంపకండి. మూడో రోజు తిరగ కలిపాక ఇంకో రెండు వారాలు జాడీలోనే ఊరనివ్వండి. కొత్త పచ్చడి సీలు వేసిన కవర్లో ఉబ్బి అతుకు విడిపోతుంది. పైకి తేలిన నూనె వంచేసి ముక్కలూ గుజ్జూ మాత్రమే కిలో చొప్పున మందపాటి కవర్లలో వేసి, వేడి సీలు వేయించండి. దాని మీద ఇంకో కవరు. ఆపైన మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా. పప్పునూనె పుణెలోనూ దొరుకుతుంది, అబ్బాయిని పోసుకోమనండి. ఒకప్పుడు బంగీ (పార్శిల్) అంటే తెల్లగుడ్డలో కుట్టి, కుట్టు మీద లక్క సీళ్లు వేసి తెచ్చేవారు. ఆ కుట్లు చూస్తే ఏ ఇల్లాలి చేతి పనో చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు అంత అక్కర్లేదు, కానీ పెట్టె అడుగున టేపు రెండు వరసలు వేయండి.

పుణెకైతే నా సలహా పోస్టాఫీసు పార్శిలే. తొందర లేకపోతే మామూలు పార్శిల్, ఉంటే స్పీడ్ పోస్టు. రెండింటి రేటూ కౌంటరు దగ్గర అడిగి, తేడా చూసుకుని నిర్ణయించుకోండి. కొరియర్లకు తమ పరిధి దాటిన పిన్‌కోడ్‌లు ఉంటాయి, అక్కడికి అదనంగా వసూలు చేస్తారు, లేదా బ్రాంచికొచ్చి తీసుకెళ్లమంటారు. పోస్టుమాన్‌కు ఆ గొడవ లేదు. కొన్ని హెడ్ పోస్టాఫీసుల్లో డబ్బు తీసుకుని ప్యాకింగ్ కూడా చేసిపెడతారు. సోమవారం బుక్ చేయండి, ఆదివారం ఎక్కడో గోడౌన్‌లో పడుండదు. పెట్టె మీద రెండు ఫోన్ నంబర్లు రాయండి, ఒకటి మీదీ ఉండాలి.

రాష్ట్రం లోపలికి, హైదరాబాద్‌కు అయితే ఆర్టీసీ కార్గో. బస్టాండులో ఇచ్చి బస్టాండులో తీసుకోవచ్చు, చాలాసార్లు మర్నాటికి చేరుతుంది. తీసుకునేవాళ్లు ఆలస్యం చేస్తే నిల్వ ఛార్జీ పడుతుంది. రాత్రి ప్రైవేటు బస్సు డ్రైవరు చేతికి రెండొందలిచ్చి డిక్కీలో వేయించే అలవాటు మన వైపు ఉంది. చీటీ ఉండదు, పోతే అడిగే దిక్కూ ఉండదు. పచ్చడి దాకా సరే, పట్టుచీర మాత్రం వేయకండి.

ప్రశ్న: మంగళగిరి చీరలు వాట్సాప్‌లో అమ్ముతున్నాను. డబ్బు పార్శిల్ అందాక ఇస్తామనేవాళ్లే ఎక్కువ. పదింట్లో రెండు మూడు తిరిగొచ్చేస్తున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: తిరిగొచ్చిన ప్రతి చీరకూ మీరు పోను, రాను రెండు ఛార్జీలు కడుతున్నారమ్మా. ఆ లెక్క నెలాఖరున ఒక కాగితం మీద వేసి చూడండి, కొరియర్ మార్చాలా, కొనేవాళ్లను మార్చాలా అన్నది అదే చెబుతుంది. ముందు పోనూ రానూ అయ్యే ఛార్జీయైనా గూగుల్‌పేలో వేయించుకోండి. వంద రూపాయలు ముందే ఇచ్చినవాళ్లు తలుపు తీయకుండా ఉండరు.

అట్టపెట్టె మానేయండి. చీర పగిలే సరుకు కాదు. 30 × 25 × 8 పెట్టెలో పెడితే పైన చెప్పిన లెక్కలో కిలో రెండొందల గ్రాములు, గట్టి ప్లాస్టిక్ కవర్లో మడిచి పంపితే అరకిలో చిల్లర. లోపల చీరకు ఇంకో పల్చటి కవరు ఉండాలి, వానాకాలం ముఖ్యంగా. పెట్టేటప్పుడు చీర, బిల్లు, అడ్రసు కనపడేలా ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. చినిగిన చీర వచ్చిందన్నవాళ్లకు అదే సమాధానం.

ప్రశ్న: రిజిస్టర్డ్ పోస్టు తీసేశారట. మా తమ్ముడి ఒరిజినల్ సర్టిఫికెట్లు చెన్నై కాలేజీకి పంపాలి. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: తీసేయలేదు బాబూ, 2025లో స్పీడ్ పోస్టులో కలిపారు. కౌంటరులో స్పీడ్ పోస్టు అని ఊరుకోకుండా ‘రిజిస్ట్రేషన్ కావాలి’ అని చెప్పండి. దానికి అదనంగా ఐదు రూపాయలు, జీఎస్టీ. అడ్రసులో ఉన్నవాళ్లకు, లేదా వాళ్లు అధికారం ఇచ్చినవాళ్లకే చేతికిస్తారు. కాలేజీ పేరు ఒక్కటే రాస్తే గేటు దగ్గర తీసుకుని ఎక్కడో పడేస్తారు, సెక్షన్ పేరు, అక్కడి ఫోన్ నంబరు రాయండి. రసీదు మీద పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది, మొదట ఇంగ్లిషు ‘E’, చివర ‘IN’. ఆ రసీదును అక్కడే ఫోటో తీసుకోండి, ఆ కాగితం మీద అచ్చు తొందరగా వెలిసిపోతుంది.