గురుత్వాన్ని సవరించే ముందు చేయాల్సిన లెక్కలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

డార్క్ ఎనర్జీ (విస్తరణ వేగాన్ని పెంచుతోందని భావించే అంతుచిక్కని శక్తి) లేకుండా, గురుత్వ నియమాన్నే మార్చి విశ్వ విస్తరణను వివరించవచ్చా అన్న ప్రశ్న మీద పని చేయబోతున్నానని రాశావు. చాలా సంతోషం. అయితే తొందరపడి కంప్యూటర్ కోడ్ దగ్గర కూర్చోకు. ముందు కాగితం మీద తేలే నమూనా ఒకటి పట్టుకో.

2000లో ద్వాలీ, గబదాద్జే, పొర్రాటి ఇచ్చిన డీజీపీ నమూనా (ముగ్గురి పేర్ల తొలి అక్షరాలు; చాలా పెద్ద దూరాల్లో గురుత్వం ఒక అదనపు కొలతలోకి జారుతుందని చెప్పేది) అందుకు బాగుంటుంది. చదునైన విశ్వంలో పదార్థం వాటా 0.3 అనుకో. అప్పుడు నేటి విలువతో పోల్చిన హబుల్ రేటు, అంటే విశ్వం విస్తరించే రేటు, ఇదీ: 0.35 + √(0.1225 + 0.3 × (1 + రెడ్‌షిఫ్ట్)³). రెడ్‌షిఫ్ట్ అంటే విస్తరణ వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే కొలత; సున్నా అంటే నేడు, పెరిగేకొద్దీ గతం. రెడ్‌షిఫ్ట్ సున్నా దగ్గర సరిగ్గా 1 రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకు, తప్పు అక్కడే ఉంది. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర 1.94 వస్తుంది. అదే పదార్థంతో లాంబ్డా-సీడీఎం (డార్క్ ఎనర్జీ, చల్లని కృష్ణ పదార్థం ఉన్న ప్రామాణిక నమూనా) ఇచ్చేది 1.76. పదార్థం వాటాను జరిపి సూపర్నోవాల (దూరాలు కొలిచేందుకు వాడే నక్షత్ర పేలుళ్ల) కొలతలతో కొంత సర్దవచ్చు గానీ, అప్పుడు మిగతా పరిశీలనలు ఒప్పుకోవు. వేగం తనంతట తానే పెంచుకునే ఈ నమూనా ఓడింది అందుకే. దానికి ఘోస్ట్ అస్థిరత (రుణ శక్తి ఉన్న కంపనాల వల్ల సిద్ధాంతమే నిలకడ తప్పడం) కూడా ఉంది. అయినా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు కనిపించదు.

ఇక అసలు సంగతి. విస్తరణ ఒక్కటే చూసి తీర్పు చెప్పకు. 2007 నాటి హూ-సావికీ ఎఫ్-ఆర్ నమూనాలో (ఐన్‌స్టీన్ సమీకరణాల్లో వక్రత R బదులు దాని ఫలనం f(R) పెట్టే నమూనా) విస్తరణ దాదాపు లాంబ్డా-సీడీఎం లాగే ఉంటుంది. ఎన్ని సూపర్నోవాలు పేర్చినా తేడా తేలదు. తేలేది గెలాక్సీల గుంపులు పెరిగే తీరులో. ఎఫ్-ఆర్‌లో గురుత్వం 4/3 రెట్ల వరకు బలపడుతుంది. పైన చెప్పిన డీజీపీలో మాత్రం నేడు 0.72 రెట్లకు తగ్గుతుంది.

సాంద్రత పెరుగుదల సమీకరణాన్ని స్కేల్ ఫ్యాక్టర్ (నేటితో పోల్చిన విశ్వం పరిమాణం; నేడు 1) 0.01 దగ్గర మొదలుపెట్టు. అక్కడ సాంద్రత తేడాను స్కేల్ ఫ్యాక్టర్‌తో సమానం చెయ్యి. మొదట గురుత్వం మార్చకుండా, లాంబ్డా-సీడీఎం విస్తరణతో నడుపు. నేటి వృద్ధి రేటు (స్కేల్ ఫ్యాక్టర్‌తో పాటు సాంద్రత తేడా పెరిగే రేటు) 0.51 దగ్గర రావాలి. తర్వాతే గురుత్వ గుణకం మార్చు. చాలామంది అది మార్చి, ఘర్షణ పదంలోని (విస్తరణ వల్ల పెరుగుదలను నెమ్మదింపజేసే పదంలోని) హబుల్ రేటును పాతదే వదిలేస్తారు. డీజీపీలో రెండూ మారతాయి. ఎఫ్-ఆర్‌లో గుణకం దూరాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక్కో తరంగసంఖ్యకు, అంటే ఒక్కో దూర ప్రమాణానికి, విడిగా సాధించాలి. చిన్న దూరాల్లో కామీలియన్ ప్రభావం (సాంద్రత ఎక్కువ ఉన్న చోట అదనపు బలం అణగిపోవడం) గురుత్వాన్ని మామూలు స్థితికి తెస్తుంది. అక్కడ సరళ సిద్ధాంతాన్ని నమ్మకు.

డేటా దగ్గరా జాగ్రత్త. ధ్వని తరంగాల కొలబద్ద (తొలి విశ్వంలో ధ్వని తరంగాలు ప్రయాణించిన దూరం, గెలాక్సీల అమరికలో నేటికీ కనిపించేది) 147 మెగాపార్సెక్కులు అన్నది తొలి విశ్వంలో మామూలు భౌతికశాస్త్రం ఊహించి లెక్కకట్టినది. గురుత్వ స్థిరాంకం కాలంతో మారితే చంద్రశేఖర్ పరిమితి (శ్వేత కుబ్జ నక్షత్రం నిలవగల గరిష్ఠ ద్రవ్యరాశి) కూడా మారుతుంది. అలాంటి నమూనాలో సూపర్నోవాల కాంతి అంతటా ఒకటేనని అనుకోలేవు.

నమూనా ఎంచుకునేటప్పుడే గురుత్వ తరంగాల వేగం చూసుకో. 2017 ఆగస్టు 17న న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు దాటి, తరంగాలు వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలు అందాయి. కాంతి వేగానికి భిన్నమైన వేగం ఇచ్చే నమూనాలు చాలావరకు ఆ ఒక్క రోజుతో పోయాయి.

నేటి విస్తరణ రేటుకు తొలి విశ్వం కాంతి నుంచి వచ్చే 67.4కూ, దగ్గరి దూరాల కొలతల నుంచి వచ్చే 73కూ (సెకనుకు కిలోమీటర్లు, ప్రతి మెగాపార్సెక్కుకు) మధ్య ఉన్న హబుల్ తగాదాను ఎఫ్-ఆర్ తీరుస్తుందని మీ గైడ్‌కు మాట ఇవ్వకు. విస్తరణే మారని నమూనా దాన్ని తీర్చలేదు. ముందు డీజీపీ, లాంబ్డా-సీడీఎం గీతలు రెడ్‌షిఫ్ట్ 0 నుంచి 2 వరకు ఒకే గ్రాఫ్ మీద గీసి పంపు.