రక్తం కారితేనే దెబ్బా?

ప్రశ్న: మేడమ్, భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో హెచ్‌ఆర్‌గా చేరి నాలుగు నెలలైంది. పోయిన నెల ఒకావిడ తడి గచ్చు మీద జారిపడింది, మణికట్టు విరిగింది, యాక్సిడెంట్ రిజిస్టర్లో రాశాం. ఇంకో ఇద్దరు చేతులు పాసిపోయాయనీ, వేళ్లు తిమ్మిర్లనీ పనికి సరిగ్గా రావడం లేదు. మా మేనేజరుగారేమో "రక్తం కారిందా, ఎముక విరిగిందా? లేకపోతే అది దెబ్బ కిందకి రాదు" అంటారు. ఏది పనిలో తగిలిన దెబ్బో ఎలా తేల్చాలి?

జవాబు: మీ మేనేజరుగారు సగమే చెప్పారు. జారిపడటం, కత్తి తెగడం, అమోనియా లీకై పీల్చడం, వీటికి తేదీ, టైము ఉంటాయి. రెండో రకానికి అవేవీ ఉండవు, రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. నాట్లేసేవాళ్ల కాళ్లు పాసిపోతే మన వైపు ఎవరైనా వాళ్ల ఒంటి తత్వం అంటారా? ఐసు నీళ్లలో నానుతూ పొద్దస్తమానం రొయ్య తలలు తుంచే చేతులకీ అంతే. ఆ ఇద్దర్నీ ఒక్క మాట అడగండి: రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? అవునంటే మణికట్టులో నరం నలుగుతోందేమోనని అనుమానించి డాక్టరు దగ్గరికి పంపండి. పనివల్ల వచ్చే జబ్బులకి చట్టంలో వేరే జాబితా ఉంది, అన్నీ అందులో ఉండవు, కాబట్టి డాక్టరు రాసే కాగితమే ముఖ్యం.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈఎస్‌ఐలో, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో, మామూలు జబ్బు సెలవుకి జీతంలో 70 శాతం వస్తుంది, అదీ ముందు 78 రోజుల చందా ఉంటేనే. పనిలో దెబ్బకైతే 90 శాతం, చేరిన మొదటి రోజు తగిలినా సరే. ఊరి నుంచి వస్తూ దారిలో ప్రమాదం జరిగినా, 2010 సవరణ నుంచి, పనితో సంబంధం చూపగలిగితే అదీ ఇందులోకే వస్తుంది.

రిజిస్టర్లో "వేలికి దెబ్బ" అని మాత్రం రాయకండి, చదవగానే నాకు ఒళ్లు మండేది అదే. 1923 నాటి పరిహార చట్టం పట్టికలోనే బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు మొత్తం పోతే 14, ఒక్క కణుపే పోతే 9 అని లెక్క కట్టారు. ఏ చెయ్యి, ఏ వేలు, ఎన్ని కణుపులు, అప్పుడు ఏం చేస్తోంది, ఎవరు చూశారు, అన్నీ ఆ రోజే రాయాలి.

ఈలోగా ఆ ఇద్దర్నీ ప్యాకింగ్‌కి మార్చి చూడండి, జీతం తగ్గించకుండా సుమా.