చీట్ డే నాడు తిండి ఆపుకోలేకపోతున్నా.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 22, బరువు 68 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. జిమ్‌లో బరువులెత్తుతున్నా. రీల్స్ చూసి నాలుగు నెలల కింద అన్నం మానేశాను. రోజూ 6 గుడ్ల తెల్లసొన, 200 గ్రాముల ఉడికించిన చికెన్, ఒక స్కూప్ వే ప్రొటీన్, కీరా తింటున్నా. ప్రతి ఆదివారం మాత్రం చీట్ డే అని నియమాలు పక్కన పెట్టి బిర్యానీ, స్వీట్లు కడుపు నొచ్చేదాకా తింటా. సోమవారానికి 2 కిలోలు పెరిగి, రోజంతా పస్తులుంటున్నా. మనసును ఎట్లా అదుపు చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: లోపం మీ మనసులో లేదు, తిండిలో ఉంది. మీరు రాసినవన్నీ కలిపితే రోజుకు సుమారు 600 కేలరీలు. మీ వయసులో, మీ బరువుకు ఊరికే పడుకున్నా 1,600 కావాలి; జిమ్‌తో కలిపి 2,400 పైమాటే. ఆరు రోజులు ఇట్లా మాడ్చుకుంటే ఆకలిని అణిచే లెప్టిన్ తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. ఏడో రోజు బిర్యానీ ముందు ఎవరికైనా చెయ్యి ఆగదు.

పెరిగిన ఆ 2 కిలోలు కొవ్వు కాదు. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. అన్నంలోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ అవుతూ గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు ఇంకొంత పట్టుకుంటుంది. రెండు మూడు రోజుల్లో అదే దిగుతుంది.

కాబట్టి ముందు మానాల్సింది సోమవారం పస్తు. పొద్దున రెండు జొన్న రొట్టెలు, రెండు గుడ్లు సొనతో సహా తినండి. విటమిన్ ఎ, డి ఉండేది పచ్చసొనలోనే. మధ్యాహ్నం అన్నం, గిన్నెడు పప్పు, కూర, పెరుగు. జిమ్‌కు ముందు అరటిపండు. రాత్రి రొట్టె లేదా అన్నంతో 150 గ్రాముల చికెన్, పడుకునే ముందు గ్లాసు పాలు. బరువులెత్తే మీకు రోజుకు 80 నుంచి 110 గ్రాముల ప్రొటీన్ చాలు, పౌడర్ లేకున్నా దాదాపు అందుతుంది. బిర్యానీ తినాలనిపిస్తే ఏ రోజైనా ఒక ప్లేటు తినండి, కానీ ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. బరువు వారానికి ఒక్కసారే చూసుకోండి.

రీల్స్‌లో కనిపించే కండలు చాలావరకు వ్యాయామం చేసిన వెంటనే, లైట్ల కింద తీసినవి. కొందరు స్టెరాయిడ్లు కూడా వాడతారు. కనీసం నెల రోజులు ఆ ఖాతాలను అన్‌ఫాలో చేయండి.

ఒక్క విషయం తేలిగ్గా తీసుకోవద్దు. అదుపు లేకుండా తినడం, తర్వాత పస్తుండటం వారానికోసారి చొప్పున మూడు నెలలు సాగితే బులీమియా అని అనుమానిస్తాం. మీకు నాలుగు నెలలైంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో గానీ, దగ్గరలోని సైకియాట్రిస్ట్ దగ్గర గానీ చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తిన్నది కక్కడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం కూడా ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. వాటివల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, అదే రోజు రక్తపరీక్ష, ఈసీజీ చేయించాలి.