నూనె తేటగా ఉంటే చాలదు

మీరు అడిగింది ఇది: "నూనె కరెంటును పోనివ్వదు కదా, మరి ట్రాన్స్‌ఫార్మర్ నూనె దెబ్బతిన్నదని ఎలా అంటారు? అందులోంచి కరెంటు ఎలా పోతుంది?"

పోయేది నూనె వల్ల కాదండీ, నూనెలో చేరినవాటి వల్ల. ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఈ మాట ఎంతమందికి చెప్పినా చివరికి నూనె రంగే చూస్తారు.

ఒక శ్రావణమాసం, ముసురు పట్టిన రోజు, భీమవరం వైపు నుంచి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. దాంతోపాటే ట్రాక్టర్ మీద రొయ్యల రైతు కూడా వచ్చాడు. రాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయట. జనరేటర్ తెచ్చేలోపు ఒక చెరువు మొత్తం పోయింది. నేను సీసాలో పట్టిన నూనె చూసి, "తేటగానే ఉంది కదండీ, పోయిన నెలే కొత్తది పోశారు" అన్నాడు. నిజమే, లేత పసుపు రంగులో నిగనిగలాడుతోంది.

నూనె ఎంత వోల్టేజీకి తట్టుకోలేక మెరుపు కొడుతుందో చూసే బీడీవీ కిట్ గిన్నెలో పోశాను. అందులోని రెండు లోహపు గుండ్ల మధ్య సందు 2.5 మిల్లీమీటర్లు సరిచూసి, అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, వోల్టేజీ పెంచాను. 14 కేవీ (కిలోవోల్టుల) దగ్గర ఫట్‌మని కొట్టేసింది. ఆరుసార్లు చేసినా అదే తంతు. కొత్త నూనె ఫిల్టర్ పట్టకముందే 30 దాకా నిలబడాలి. ఆయన్ని దగ్గరికి పిలిచి, మూత మీది అద్దంలోంచి టార్చి వేసి మళ్ళీ పెంచాను. కాయిల్‌కు చుట్టిన కాగితం నుంచి ఊడిన, వెంట్రుక కన్నా సన్నని పోగులు, తేమ పీల్చుకున్నవి, మెల్లగా గుండ్ల వైపు జరిగాయి. చీమలబారులా ఒకదాని వెనక ఒకటి చేరి, ఈ గుండు నుంచి ఆ గుండుకు దారి కట్టాయి. వెంటనే మెరుపు. "ఈ నలుసులకా నా చెరువు పోయింది" అన్నాడాయన. ఆ గొంతు నాకింకా గుర్తే.

కంటికి కనబడనిది ఇంకోటి ఉంది, అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. నీళ్ళలో ఉప్పు వేస్తే దాని ప్లస్, మైనస్ అయాన్లు విడివిడిగా తిరుగుతాయి, అందుకే ఉప్పునీళ్ళలో కరెంటు పోతుంది. నూనెలో అంత దూరంలోనే ఉన్న అవే రెండు అయాన్లు, నీళ్ళలో కంటే సుమారు 36 రెట్లు బలంగా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. విడిపోనివ్వదు కాబట్టే నూనె మంచి ఇన్సులేటర్. కానీ వేడికీ గాలికీ నూనె పులిసి ఆమ్లాలు పుడతాయి, లోపలి రాగి దానికి ఇంకా ఊతమిస్తుంది. ఆ ఆమ్లాలకు తేమ తోడైతే ఏ కొద్ది అయాన్లో విడిపడతాయి. పైగా వేడికి నూనె పలచనై అవి సులువుగా కదులుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 335, దాని పాత 1993 కూర్పు చూడండి. అందులో కొత్త నూనెకు పెట్టిన కనీస రెసిస్టివిటీ, అంటే కరెంటును అడ్డుకునే గుణం, 27 డిగ్రీల దగ్గర 1500 లక్షల కోట్ల ఓమ్-సెంటీమీటర్లు, 90 డిగ్రీల దగ్గర 35 లక్షల కోట్లే. మచ్చలేని నూనెకే అంత తేడా! అందుకే చల్లటి ట్రాన్స్‌ఫార్మర్ మీద పొద్దున్నే ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి "బాగుంది" అని రాసేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్నం లోడు మీద నూనె వేరు.

ఆ రైతుది కొత్త నూనే, అబద్ధం కాదు. పోసినవాళ్ళు డ్రమ్ముల్ని ఆరుబయట నిలబెట్టి ఉంచారు. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే మూత మీద నిలిచిన వాననీళ్ళను బిరడా సందుల్లోంచి లోపలికి పీలుస్తుంది. డ్రమ్మును పడుకోబెట్టి, బిరడాలు నూనె మట్టానికి కిందే ఉండేలా పెడితే ఈ బాధ ఉండదు. ఇంత చిన్న పని ఎవరూ చెయ్యరు! ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి పోయే గాలిని ఆరబెట్టే బ్రీదర్ సంగతీ అంతే. అందులో తేమ పీల్చే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగి నెలలైనా మార్చరు. మా జిల్లాలో కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువ వాటికి ఓవర్‌లోడు కాదు, ఈ తేమే కారణమని నా గట్టి నమ్మకం.

ఆ నూనెను వేడిచేసి, వాక్యూమ్ ఫిల్టర్‌లో రాత్రంతా తిప్పాం. కాయిల్‌ని ఓవెన్‌లో ఆరబెట్టాం. మర్నాడు అదే నూనె, అదే రంగు, 62 కేవీ దాకా నిలబడింది. ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్తూ ఆ రైతు అడిగింది ఒక్కటే, కొత్త సిలికా జెల్ ఎక్కడ దొరుకుతుందని.