ఒక కంట్రోల్‌కి ఇచ్చినవి రెండోదాంట్లో కూడా ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: విండోస్ యాప్‌లు రాసే డబ్ల్యూపీఎఫ్‌లో పని ఏ దశలో ఉందో చూపించే కంట్రోల్ ఒకటి సొంతంగా రాశాను. దానికి ‘స్టెప్స్’ అనే డిపెండెన్సీ ప్రాపర్టీ (బైండింగ్ లాంటివి పనిచేసేలా విలువను డబ్ల్యూపీఎఫ్ తానే చూసుకునే ప్రాపర్టీ) పెట్టాను. అది నా స్టెప్ ఆబ్జెక్టుల లిస్టు. స్క్రీన్‌ని ట్యాగులతో రాసే జామెల్‌లో మొదటి కంట్రోల్‌కి మూడు స్టెప్‌లు, రెండోదానికి రెండు ఇచ్చాను. రన్ చేస్తే రెండింటిలోనూ ఐదేసి కనిపిస్తున్నాయి. లిస్టును రిసోర్సుల్లో (పేరు పెట్టి దాచి, కావలసిన చోట వాడుకునే చోటు) పెడదామంటే ఆ ట్యాగ్ ఎలా రాయాలో తెలియడం లేదు.

జవాబు: మీ జామెల్ బాగానే ఉంది. ప్రాపర్టీని రిజిస్టర్ చేసిన లైను తీసి చూడండి. డిఫాల్ట్ విలువగా అక్కడ కొత్త లిస్టు ఇచ్చి ఉంటారు. ‘న్యూ’ అని ఉంది కదా, కంట్రోల్‌కొకటి పుడుతుందిలే అనుకుంటాం. కానీ ఆ లైను స్టాటిక్. క్లాసు మొత్తానికి ఒక్కసారే నడుస్తుంది, ఒక్క లిస్టే పుడుతుంది. ఇక జామెల్‌ని చదివే పార్సర్ సంగతి. ప్రాపర్టీ ట్యాగ్ లోపల స్టెప్ ట్యాగులు కనబడితే అది కొత్త లిస్టు తయారు చేయదు. అప్పటికే ఉన్నదాన్ని అడిగి తీసుకుని, అందులోకే ఒక్కొక్కటీ యాడ్ చేస్తుంది. రెండు కంట్రోళ్లూ ఒకే సంచిలో వేస్తున్నాయన్నమాట. డిఫాల్ట్‌గా అంకె ఇచ్చినప్పుడు ఈ తంటా రాదు. అంకెను మార్చేస్తాం తప్ప దాంట్లోకి ఏదీ చేర్చం కదా.

డిఫాల్ట్‌ని నల్‌గా వదిలేసి, కంట్రోల్ కన్‌స్ట్రక్టర్‌లో కొత్త లిస్టు సెట్ చేయండి, సరిపోతుంది. అసలు ఆ ప్రాపర్టీకి బైండింగ్ (బయటి డేటాతో ముడి) గానీ రిసోర్సు గానీ ఇచ్చే పని లేకపోతే డిపెండెన్సీ ప్రాపర్టీ దేనికి? సెట్టర్ లేని మామూలు ప్రాపర్టీ పెట్టి, లిస్టు అక్కడే సృష్టించినా పార్సర్ హాయిగా నింపుతుంది. నేనైతే అదే చేస్తాను.

రిసోర్సుల విషయానికొస్తే, జెనరిక్ లిస్టును (ఏ రకం ఆబ్జెక్టులో చెప్పి చేసే లిస్టు) సీ షార్ప్‌లో రాసినట్టు ట్యాగ్‌గా రాయలేం. టైప్ ఆర్గ్యుమెంట్స్ అనే యాట్రిబ్యూట్ ఉంది గానీ, డబ్ల్యూపీఎఫ్‌లో కంపైలయ్యే జామెల్‌లో అది రూట్ ఎలిమెంట్ (ఫైల్లో అన్నిటికీ బయట ఉండే ట్యాగ్) మీదే చెల్లుతుంది. అందుకని స్టెప్‌ల లిస్టు నుంచి ‘స్టెప్‌లిస్ట్’ అనే ఖాళీ క్లాసు ఒకటి డిరైవ్ చేసి, ఆ పేరునే ట్యాగ్‌గా వాడండి. ఒక్క లైను పని. రన్ అవుతుండగా స్టెప్‌లు చేరడం, పోవడం ఉంటే లిస్టుకు బదులు, మార్పులను స్క్రీన్‌కి తెలియజేసే అబ్జర్వబుల్ కలెక్షన్ నుంచి డిరైవ్ చేయండి. స్టెప్ క్లాసుకు మాత్రం ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఉండాలి.

రేపు స్టెప్ లోపలి ప్రాపర్టీలకు బైండింగ్ రాస్తే అది పలకదు. మామూలు లిస్టులోని ఆబ్జెక్టులకు కంట్రోల్ డేటా కాంటెక్స్ట్ (బైండింగ్‌లు డేటా తెచ్చుకునే ఆబ్జెక్టు) అందదు మరి. అప్పుడు స్టెప్‌ని ఫ్రీజబుల్ (ఆ కాంటెక్స్ట్‌ను అందుకోగల డబ్ల్యూపీఎఫ్ క్లాసు) నుంచి డిరైవ్ చేసి, లిస్టు స్థానంలో ఫ్రీజబుల్ కలెక్షన్ పెట్టాలి. పైన వద్దన్న డిపెండెన్సీ ప్రాపర్టీ అప్పుడు తప్పదు.