సెబీలో ఉద్యోగం వస్తే ఇంట్లో ఎవరూ షేర్లు కొనకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ చేసింది. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీలో ఆఫీసరు ఉద్యోగం కోసం గ్రేడ్-ఏ పరీక్షకు ప్రిపేరవుతోంది. మా అబ్బాయికి వేరే ఉద్యోగం ఉంది, ఖాళీ దొరికితే షేర్లు కొని అమ్ముతుంటాడు. ‘చెల్లికి ఆ ఉద్యోగం వచ్చిందంటే నువ్వు షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా మూసేసుకోవాల్సిందే, ఆమె ఒక్క మాట జారినా జైలే’ అని వాడి ఫ్రెండ్ ఎవరో చెప్పాడట. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఇందులో నిజమెంత?
– ఒక తండ్రి

జవాబు: సగం నిజమేనండీ. కాకపోతే ఆ సగం ఆ ఫ్రెండ్ అనుకున్నచోట లేదు.

ముందు డీమ్యాట్ సంగతి. సెబీ ఉద్యోగులకు 2001 నాటి సర్వీసు నిబంధనలు ఉన్నాయి. ఆఫీసు విషయాలు బయటపెట్టకపోవడం, షేర్ల లావాదేవీల్లో ఆంక్షలు, ఉన్న పెట్టుబడుల వివరాలు ఇవ్వడం, ఇవన్నీ వాటిలో భాగం. ఈ పట్టింపు జీవిత భాగస్వామికీ, ఆ ఉద్యోగి మీద ఆధారపడినవాళ్లకూ వర్తించవచ్చు. కానీ సొంత సంపాదన ఉన్న అన్న తన డబ్బుతో షేర్లు కొనుక్కోవడమే నేరమని చట్టం అనదు. చెల్లి దగ్గర విన్న కబురుతో కొంటే మాత్రం నేరమే.

లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం, అంటే ఇన్‌సైడర్ ట్రేడింగ్‌పై 2015లో సెబీ తెచ్చిన నిబంధనల్లో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. షేరు ధరను కదిలించగలిగి, ఇంకా బయటికి రాని సమాచారం ఎవరి దగ్గరుంటే వాళ్లు ఇన్‌సైడరే. కంపెనీలో పనిచేయక్కర్లేదు. పని అవసరం లేకుండా ఆ సమాచారం చెప్పడమూ తప్పే, అడిగి రాబట్టడమూ తప్పే. చెప్పినామెకు రూపాయి ముట్టకపోయినా సరే. జరిమానా కనీసం 10 లక్షల రూపాయలు. గరిష్ఠంగా 25 కోట్లు లేదా వచ్చిన లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. క్రిమినల్ కేసు దాకా వెళ్తే 10 ఏళ్ల వరకు జైలు. కాబట్టి జైలు మాట ఉత్త బెదిరింపేం కాదు. అలాగని మాట జారిన ప్రతివాళ్లనీ జైల్లో వేస్తారనీ కాదు. అంతకన్నా ముందు పోయేది ఉద్యోగం.

ఈ ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవాళ్లకు పెట్టే మాక్ (నమూనా) ఇంటర్వ్యూల్లో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘మీ బావగారు ఫోన్ చేశారు. ఫలానా కంపెనీ షేర్లు ఉంచనా, అమ్మేయనా అన్నారు. ఆ కంపెనీ మీద విచారణ ఫైలు మీ టేబుల్ మీదే ఉంది. ఏమంటారు?’ ఒకబ్బాయి క్షణం కూడా ఆలోచించకుండా ‘వివరాలేమీ చెప్పను సార్, కాస్త జాగ్రత్తగా ఉండమంటాను’ అన్నాడు. చాలా నిజాయితీగా చెప్పాననుకున్నాడు పాపం. కానీ ఆ ‘జాగ్రత్త’ అన్న మాట చాలు, బావగారు మర్నాడు పొద్దున్నే అమ్మేస్తారు.

మరి ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే? అదీ చిక్కే. పది కంపెనీల గురించి సరదాగా కబుర్లు చెప్పి, పదకొండోదాని దగ్గర టక్కున ఆగిపోతే ఆ ఆగడమే కబురవుతుంది. అందుకే ఫైలున్న కంపెనీ అయినా లేనిదైనా, ఎవరడిగినా ఒకటే జవాబుండాలి: ‘షేర్ల గురించి నన్నడక్కండి.’ మొదటి రోజు నుంచీ ఇదే పాట పాడితే మూడు నెలల్లో చుట్టాలు అడగడం మానేస్తారు. మధ్యలో ‘పెద్ద ఆఫీసరైంది, పొగరెక్కింది’ అనేవాళ్లూ ఉంటారు. ఆ మాట మీ అమ్మాయికి తగలకుండా కాచుకోవాల్సింది మీరే. నిజానికి ఈ ఉద్యోగంలో గోప్యత అసలు బరువు ఆఫీసులోకన్నా ఇంట్లోనే ఎక్కువ.

దురాశ లేకపోయినా నోరు ఎలా జారుతుందో చెప్పడానికి పాత ఉదంతం ఒకటి. 1947 నవంబరులో బ్రిటన్ ఆర్థిక మంత్రి హ్యూ డాల్టన్ బడ్జెట్ ప్రసంగానికి సభలోకి వెళ్తూ, దారిలో కలిసిన విలేకరికి కొన్ని పన్నుల సంగతి చెప్పేశాడు. ఆయన ప్రసంగంలో ఆ పన్నుల దాకా వచ్చేలోపే అది సాయంత్రం పత్రికలో అచ్చయిపోయింది. మర్నాడే రాజీనామా. ఆయన లంచం తీసుకోలేదు, షేర్లు కొనలేదు. నడుస్తూ నడుస్తూ నాలుగు మాటలన్నాడు, అంతే.

ఇప్పుడైతే ఆ నాలుగు మాటలు కూడా అక్కర్లేదు. తనిఖీకి వెళ్లిన ఊళ్లో హోటల్ గది నుంచి పెట్టిన వాట్సాప్ స్టేటస్ చాలు. ఫలానా సంస్థ మీద విచారణ ఉందన్న విషయమే చాలాసార్లు రహస్యం. రైల్లో కూర్చుని ఫోన్‌లో ఫైలు గురించి మాట్లాడటం కూడా ఈ కోవలోదే.

రిజర్వ్ బ్యాంకులోనూ ఇదే వరస. అప్పుల సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని 1934 నాటి ఆర్‌బీఐ చట్టంలోనే 45ఇ సెక్షన్ ఉంది. వడ్డీ రేట్లు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ సభ్యులు ప్రకటనకు వారం ముందు, వారం తర్వాత విధానం గురించి బయట మాట్లాడకూడదు.

అయితే ఆఫీసులో ఏది చూసినా నోరు మూసుకోవాలని మాత్రం మీ అమ్మాయికి నూరిపోయకండి. ఈ గోప్యత మార్కెట్‌ని, జనం డబ్బుని కాపాడటానికి. ఆఫీసు తప్పుల్ని కప్పిపెట్టడానికి కాదు. బ్యాంకుల తనిఖీ నివేదికల్ని సమాచార హక్కు కింద ఇవ్వబోమని ఆర్‌బీఐ వాదిస్తే, 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకులతో తనది విశ్వాస సంబంధం, అవి నమ్మి ఇచ్చిన సమాచారం బయటపెట్టకూడదు అన్న ఆర్‌బీఐ వాదనను తోసిపుచ్చింది. పైఅధికారే తప్పు చేస్తున్నాడనిపిస్తే దానికీ దారి ఉంది. 2004లో కేంద్రం తెచ్చిన తీర్మానం ప్రకారం అవినీతి ఫిర్యాదులు చూసే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు సీల్డు కవరులో ఫిర్యాదు పంపవచ్చు, పేరు బయటికి రాదు. పత్రికలవాళ్లకో, ఫ్రెండ్స్ గ్రూపులోనో చెప్పడం వేరు, ఇది వేరు.

రాజీనామా చేసినా తెలిసిన రహస్యం తెలియనట్టు అయిపోదు. ఇన్‌సైడర్ నిబంధనలు లావాదేవీకి ముందు ఆరు నెలల్లో కంపెనీతో ఉన్న సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి.

ఖాతా మూసేయమని మీ అబ్బాయికి చెప్పక్కర్లేదు. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ బ్రోకరు నుంచి రసీదులా వచ్చే కాంట్రాక్ట్ నోట్లు మాత్రం తేదీలవారీగా దాచుకోమనండి. రేపెవరైనా అడిగితే, చెల్లి ఉద్యోగంలో చేరకముందు నుంచీ తన కొనుగోళ్లు ఇదే తీరున ఉన్నాయని చూపించొచ్చు. ఇంట్లో ఎవరెవరికి డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్ ఖాతాలున్నాయో ఒక కాగితం మీద రాసిపెట్టండి. మీ పేరు మీద ఉండి అబ్బాయి నడుపుతున్న ఖాతా ఏదైనా ఉంటే, అమ్మాయి చేరేలోపే దాన్ని మీ చేతిలోకి తీసుకోండి. మీరు ఆమె మీద ఆధారపడినవారి కిందకొస్తే మొదట ప్రశ్న వచ్చేది ఆ ఖాతా గురించే.