‘కదా’ అని అడగవద్దు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి స్టడీ అవర్ గంట మోగడంతో మన ఫోను మాట మధ్యలోనే ఆగిపోయింది. నీ హాస్టలులో తన చేతి మీద తానే గాయాలు చేసుకుంటున్న ఆ పిల్లను పడుకునే లోపల పిలిచి పలకరించమనీ, రాత్రికి ఒంటరిగా ఉంచవద్దనీ మాత్రం చెప్పగలిగాను. ఇది ఒక్కసారి మాట్లాడితే తీరిపోయే సంగతి కాదు కనుక, మిగిలినదంతా తీరికగా చదువుకుంటావని రాస్తున్నాను.

ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టలులో వార్డెనుగా పనిచేసిన నేను, ఇలాంటిది మొదటిసారి ఎదురైనప్పుడు చేయకూడనివన్నీ ఒక్క గంటలో చేశాను. ఏప్రిల్ ఉక్కపోతలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని తిరిగే ఇంటర్ పిల్ల ఒకతె, మెస్ దగ్గర కుళాయి కింద పళ్ళెం కడుక్కుంటూ చేయి పైకి మడిచింది. నా కంటబడిన గాట్లు చూసి నలుగురి ముందే ఆమె మణికట్టు పట్టుకుని “ఏమిటీ వేషాలు?” అని అరిచాను. ఆఫీసు గదికి తీసుకెళ్ళి, ఆమెను ఎదురుగా నిలబెట్టి, తండ్రికి ఫోను చేశాను. ఇక ముందు ఇలా చేయనని తెల్లకాగితం మీద హామీ రాయించుకున్నాను. గుండ్రటి దస్తూరీతో, ఒక్క తప్పు లేకుండా రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం నా బీరువాలో భద్రంగానే ఉండిపోయింది గాని, ఆ పిల్ల మాత్రం అది మానలేదని, నాకు కనబడకుండా దాచడం నేర్చుకుందని ఆరు నెలల తరువాత పక్క మంచం అమ్మాయి చెబితే తెలిసింది. ఆ తరువాత వైద్యం అందింది, కోలుకుంది, ఉద్యోగం చేసుకుంటోంది. చాలా ఏళ్ళకు ఒక పెళ్ళిలో కనిపించి, “మేడం, ఆ రోజు మీరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు” అంది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది.

ముందుగా నువ్వు తెలుసుకోవలసినది ఏమంటే, ఒంటికి గాయాలు చేసుకునే పిల్లలలో చాలామంది ఆ క్షణంలో చావాలని కోరుకోరు. భరించలేనంత దిగులో, కోపమో, ఒక్కోసారి ఏమీ తెలియనంత మొద్దుబారినతనమో లోపల నిండిపోయినప్పుడు, దాన్ని కాసేపు అణచడానికి వాళ్ళకు దొరికిన దారి అది. దొరికిన ఉపశమనం నిలవదు, సిగ్గు మిగులుతుంది, ఆ సిగ్గే మళ్ళీ అటు నెడుతుంది. చావాలనే కోరిక లేదు కదా అని తేలికగా తీసుకోవడానికీ లేదు. ఇలా గాయపరచుకునేవారికి మున్ముందు ఆత్మహత్య ముప్పు మిగతావారికంటే ఎక్కువని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. అందుచేత ఇది నాటకమనీ, నలుగురి దృష్టి పడాలని చేసే పని అనీ హాస్టలు ఆయాలు అంటే నువ్వు తల ఊపకు. దృష్టి పడాలనుకున్న పిల్ల ఎండాకాలంలో నిండు చేతుల చొక్కాతో ఎందుకు ఉడికిపోతుంది?

ఇక మాట్లాడే తీరు. వార్డెను గదిలో, ర్యాంకుల పట్టిక వేలాడే గోడ కింద, బల్లకు అటూ ఇటూ కూర్చుని ఈ మాట ఎత్తవద్దు. టిఫిను అయ్యాక మెస్ వెనక మెట్ల మీద పక్కపక్కన కూర్చుంటే కళ్ళలోకి చూడవలసిన ఇబ్బంది ఉండదు, నోరు కాస్త సులువుగా పెగులుతుంది. గాయం పచ్చిగా ఉంటే ముందు నర్సు చేత శుభ్రం చేయించి కట్టు కట్టించు. అయ్యో అని ముఖం చిట్లించకుండా, మోకాలు దోక్కుపోయిన పిల్లకు చేసినట్టే చెయ్యాలి. చొక్కా చేతులు పైకి మడిచి చూపించమని గద్దించడం, ఫోనుతో ఫోటో తీసి ప్రిన్సిపాలుకు పంపడం లాంటివి చేయకు. తరువాత చూసింది చూసినట్టుగా చెప్పు: “నాలుగు రోజులుగా నువ్వు సరిగా తినడం లేదు, చేతి మీద గాయాలు కనబడ్డాయి, నాకు కోపం లేదు, దిగులుగా ఉంది, ఏం జరుగుతోందో చెబుతావా?” అంతే. ఆ తరువాత నువ్వు ఊరుకోవాలి.

ఊరుకోవడమే మనకు చేతకానిది. ఎదుటివాళ్ళు రెండు నిమిషాలు మౌనంగా ఉంటే ఏదో ఒక నీతి చెప్పకపోతే మనకు తోచదు. ఆ రెండు నిమిషాలలో మన నోటినుంచి వచ్చే మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: “మీ అమ్మానాన్నలు ఎంత కష్టపడి ఫీజు కడుతున్నారో తెలుసా?” ఆ సంగతి ఆ పిల్లకు నీకంటే బాగా తెలుసు. నాన్న పొలం కౌలుకు ఇచ్చిన సంగతీ, అమ్మ గాజులు తాకట్టులో ఉన్న సంగతీ వీకెండు టెస్టులో మార్కులు తగ్గిన ప్రతిసారీ ఆమెకు గుర్తుకొస్తూనే ఉంటాయి. ఆమె మోస్తున్న బరువు మీద మనం మరో బస్తా వేసి, పైగా అది ఓదార్పు అనుకుంటాం. “నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా” అన్నది కూడా ఈ కోవలోదే. వీటికి బదులు “అది చాలా కష్టంగా ఉండి ఉంటుంది” అని, “ఇంకా చెప్పు” అని అంటే చాలు.

రెండో ప్రశ్న అందరూ తప్పించుకునేది, కాని నువ్వు అడిగి తీరవలసినది. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని తిన్నగా, మెత్తటి గొంతుతో అడుగు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది ఉత్త భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి, చాలామందికి ఎవరో ఒకరు అడిగినందుకు గుండె తేలికపడుతుంది కూడా. అయితే మన భాషలో ఒక చిక్కుంది. “అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?” అని అడుగుతాం. ఆ ‘కదా’లోనే జవాబు ఉంది. “లేవు మేడం” అనడం తప్ప పిల్లకు వేరే దారి మిగల్చం, ఆ మాట విని మనం హాయిగా నిద్రపోతాం. అందుకే ‘కదా’ వద్దు, ‘పిచ్చి’ అంతకంటే వద్దు. ఆమె ఔనంటే, అప్పుడప్పుడు వచ్చిపోయే ఆలోచనా, లేక ఎప్పుడు ఏం చేయాలో కూడా అనుకున్నదా అని అడుగు. అనుకున్నానంటే ఆ క్షణం నుంచి ఆమెను ఒంటరిగా వదలక, హాని చేయగల వస్తువులు, మాత్రలు అందుబాటులో లేకుండా నెమ్మదిగా తీసివేయించి, ఆ రోజే సైకియాట్రిస్టు ఉన్న ఆసుపత్రికి తీసుకుని వెళ్ళాలి. పరీక్ష ఉంది, ఆదివారం చూద్దాం అనే మాట ఎవరు అన్నా వినవద్దు.

“ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి” అని ఆమె అడగవచ్చు. వేయకు. “నువ్వు క్షేమంగా ఉండడానికి ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెబుతాను, కాని ఎవరికి ఏం చెబుతున్నానో ముందు నీకు చెబుతాను” అను. అలాగే “నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయకు” అని నువ్వూ అడగకు. మనకది ప్రేమ చూపడంలా ఉంటుంది. ఆ పిల్లకు మాత్రం మళ్ళీ ఒకనాటి రాత్రి చేయి ఆగకపోతే, నీ దగ్గరకు రావడానికి ఉన్న ఒక్క తలుపూ ఆ ఒట్టే మూసేస్తుంది.

కొందరు సిబ్బంది పోలీసు కేసవుతుందని భయపెడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించరాదనీ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షనే లేదు. మన పత్రికల భాష మాత్రం ఇంకా పాత చట్టంలోనే ఉంది. నేరానికి ‘పాల్పడినట్టే’ ఆత్మహత్యకు కూడా ‘పాల్పడ్డారు’ అని రాస్తారు, ‘అఘాయిత్యం’ అంటారు, ‘ఫెయిలైనందుకు మనస్తాపంతో’ అని ఎన్నో కారణాలున్న దుఃఖాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వు పిల్లల ముందు ఆ మాటలు వాడకు. మార్కులు తగ్గితే చావడం సహజమే అన్నట్టుగా వాళ్ళ చెవిన పడుతుంది.

మిగతా పిల్లల సంగతి కూడా చూడాలి. ఒకే గదిలో ఉండేవాళ్ళలో ఒకరిని చూసి ఒకరు అనుకరించే ప్రమాదం ఉంది గనుక, ఏం చేసుకుంది, దేనితో, ఎక్కడ అన్న చర్చ నడవనివ్వకు. అసెంబ్లీలో ఆమె పేరు చెప్పకుండా చెప్పినా అందరికీ తెలిసిపోతుంది. దానికి బదులు దిగులు వస్తే ఎవరి దగ్గరకు వెళ్ళాలో చెప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి అంతస్తులో, టెలిఫోను పక్కన కనబడేలా రాయించు. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ సేవ ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ, ఉచితంగా అందుతుంది. నీకే దిక్కుతోచనప్పుడు నువ్వూ చేయవచ్చు.

కౌన్సెలరు ఖర్చని యాజమాన్యం అంటే, విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను ప్రిన్సిపాలు ముందు పెట్టు. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఉండాలనీ, మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడగొట్టరాదనీ, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ అందులో ఉంది.

బాగవుతుందా అని నువ్వు ఫోనులో రెండుసార్లు అడిగావు. అవుతుంది. ఈ బాధకు ఇవాళ ఎక్కువగా వాడే చికిత్సలలో ఒకటైన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించిన అమెరికా మనస్తత్వవేత్త మార్షా లైనహన్, తాను కూడా పదిహేడేళ్ళ వయసులో ఇదే బాధతో ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బహిరంగంగా చెప్పారు. అయితే ఇవాళ మాట్లాడి రేపటికి మానేస్తుందని ఎదురుచూడకు. తగ్గుతూ, మళ్ళీ ఒకసారి వెనక్కి వెళుతూ, నెలల మీద కుదుటపడుతుంది. మధ్యలో ఒకసారి మళ్ళీ జరిగితే “చెప్పినందుకు మంచిదైంది” అని మొదలుపెట్టు.

ఇక ఆమె తల్లి. ఫోనులో “మీ అమ్మాయి ఇలా చేసుకుంది” అని మొదలుపెట్టకుండా, పిల్ల ఇప్పుడు క్షేమంగా ఉందన్న మాట ముందు చెప్పి, ఒకసారి రమ్మను. వచ్చేది రాత్రి బస్సులో కనుక తిండీ నిద్రా లేకుండా, పరువు పోతుందన్న భయంతో వస్తుంది, వచ్చీ రాగానే పిల్లను కొట్టబోయినా ఆశ్చర్యపోకు. నువ్వు ముందే గేటు దగ్గర ఉండి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, కాస్త టిఫిను తిన్న తరువాతే లోపలికి తీసుకుని వెళ్ళు.

ఇట్లు,
పెద్దమ్మ